ప్రతీక, సంఖ్య, నామం: ఎలక్ట్రానిక్ గ్రంథాల్లో ఆకరనిర్దేశం

ప్రస్తావన

శాతవాహన ప్రభువైన పులుమావి ఎనిమిదవ రాజ్యసంవత్సరంలో ఒక గృహపతి తటాకం తవ్వించిన సంగతిని తెలిపే ప్రాకృతశాసనం మ్యాకదోనిలో ఒక బండపై కలదు. విష్ణు సీతారామ్ సుక్తంకర్ దానిని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో పరిష్కరించి ప్రకటించినారు. శాసనస్థానం అక్కడ 'బళ్లారి జిల్లా, ఆదోని తాలూకా' అని పేర్కొనబడినది. దక్షిణ భారత శాసనాల 9వ సంపుటం ప్రథమభాగం 1939లో వెలువడినప్పుడు కూడ ఆదోని తాలూకా శాసనాలు బళ్లారి జిల్లా శీర్షిక కిందనే చేరినవి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోగా, ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిసినవి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరు జిల్లా అయినది. ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలులోనే నిలిచినవి. ఇంతలో రాయి మాత్రం అంగుళమైనా కదలలేదు. కదిలినది చిరునామా.

ఆ సంపుటాన్ని మాత్రమే నమ్మి నేటి బళ్లారి జిల్లాలో ఆ శాసనాన్ని వెదికే విద్యార్థి భంగపడతాడు. శాసనశాఖ ఈ చిక్కును ముందుగానే ఊహించినదో లేదో గాని, దానికి విరుగుడు మాత్రం ఆ శాఖ చేతిలోనే ఉన్నది. వార్షిక నివేదికల్లో చేరిన ప్రతి శాసనానికీ ఆ సంవత్సరపు వరుససంఖ్య ఒకటి ఇవ్వబడినది. జిల్లా మారినా, తాలూకా మాసిపోయినా, ఫలానా సంవత్సరపు ఫలానా సంఖ్య గల శాసనమంటే అదే శాసనం. చిరునామా ఉనికిని చెబుతుంది. పేరు వస్తువును చెబుతుంది. రెండూ ఒకటి కావు.

ఈ భేదం నేడు శాసనాధ్యయనానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. సంస్కృతాంధ్ర గ్రంథాలు ఎలక్ట్రానిక్ పాఠాలుగా మారుతున్న ఈ కాలంలో, గ్రంథంలోని ఒక పద్యాన్ని, ఒక సూత్రాన్ని, ఒక పంక్తిని మరొక చోటినుండి తప్పకుండా చూపగలగడం ఎట్లా అన్నది పరిష్కర్త ఎదుట నిలిచిన ప్రథమప్రశ్న. సమాధానాన్ని సాంకేతికులకు వదిలివేసి పండితులు తప్పుకొనడం ఉచితం కాదు. ఏలనంటే ఆ సమాధానం యంత్రానికి సంబంధించినది కాదు, గ్రంథస్వరూపానికి సంబంధించినది.

వ్యాఖ్యాన పరంపరలో నిర్దేశం

ఆదోని, ఎమ్మిగనూరులకు చేరువలో తుంగభద్రాతీరాన ఉన్న మంత్రాలయమే ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణ. 1671లో అక్కడ బృందావనస్థులైన రాఘవేంద్రతీర్థులు భక్తులకు గురుస్వామి. శాస్త్రజ్ఞులకు మాత్రం ఆయన ముందుగా పరిమళాచార్యులు. వారి 'పరిమళం' జయతీర్థుల 'న్యాయసుధ'కు వ్యాఖ్య. న్యాయసుధ మధ్వాచార్యుల 'అనువ్యాఖ్యానా'నికి వ్యాఖ్య. అనువ్యాఖ్యానం బాదరాయణ బ్రహ్మసూత్రాలను వివరించేది. సూత్రం, అనువ్యాఖ్యానం, సుధ, పరిమళం అని నాలుగు అంతస్తులు. పై అంతస్తులో ఉన్నవాడు కింది అంతస్తులో తాను ఏ మాటను పట్టుకొని విచారిస్తున్నాడో ప్రతి అడుగునా చెప్పక తప్పదు.

అట్లా చెప్పడానికి వ్యాఖ్యాతలు వాడిన సాధనం ప్రతీక. మూలవాక్యంలోని తొలి పదాన్నో, కీలకపదాన్నో ఎత్తుకొని 'ఇతి' చేర్చడంతో పాఠకుడి దృష్టి మూలంలో ఆ చోటికి మళ్లుతుంది. తాళపత్రానికి పుటసంఖ్యపై ఆధారపడే వీలు లేదు. ఒక ప్రతిలో ముప్పదవ పత్రంలో ఉన్నది మరొక ప్రతిలో నలుబదవ పత్రంలో ఉండవచ్చు. అందుచేత వ్యాఖ్యాత పత్రాన్ని కాక పాఠాన్నే ఆశ్రయించినాడు. దానికి తోడు అధికరణాలకు పేర్లు ఉన్నవి. జిజ్ఞాసాధికరణమన్నా జన్మాధికరణమన్నా వేదాంతవిద్యార్థికి ఏ ముద్రణలోని ఏ పుట అని అడగవలసిన పని లేదు.

మరొక విశేషం గమనింపదగినది. పరిమళకారులు సుధను గాని, సుధాకారులు అనువ్యాఖ్యానాన్ని గాని తమ సౌకర్యానికి ఏమాత్రం మార్చలేదు. సంబంధమంతా వ్యాఖ్యలోనే ఉన్నది. మూలం అంటరాకుండా ఉన్నది. ఒకే మూలానికి పది వ్యాఖ్యలు పుట్టినా మూలానికి భారం పెరగదు. ఆధునిక గ్రంథసంకేతన శాస్త్రం ఎంతో చర్చ జరిపి చేరుకొన్న ఆదర్శం కూడ ఇదే.

ఎక్స్‌ఎంఎల్ పాఠంలో లింకు

ఎక్స్‌ఎంఎల్ అనే సంకేతన పద్ధతిని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1998 ఫిబ్రవరిలో ప్రమాణంగా అంగీకరించినది. దీనిలో పాఠం అక్షరాల వరుసగా మాత్రమే ఉండదు. ఇది పర్వం, ఇది ఆశ్వాసం, ఇది పద్యం, ఇది పాదం అని ప్రతి అవయవానికీ ఆదిలో ఒక గుర్తు, అంతంలో ఒక గుర్తు ఉంచబడుతుంది. చిన్న అవయవం పెద్ద అవయవంలో పూర్తిగా ఇమిడి ఉండాలి. గుర్తుల పేర్లు ఆంగ్లంలోనే ఉండనక్కరలేదు. 'పద్యం', 'వచనం' అని తెలుగులిపిలోనే పెట్టుకొనవచ్చు.

ఇట్టి పాఠంలోని ఒక అవయవాన్ని బయటినుండి చూపే లింకులో రెండు భాగాలు ఉంటవి. మొదటిది పత్రం ఎక్కడ ఉన్నదో చెప్పే చిరునామా. రెండవది # అనే గుర్తు తరువాత వచ్చే ఫ్రాగ్మెంట్ ఐడెంటిఫైయర్, అనగా ఖండనిర్దేశకం. ఇది ఆ పత్రంలో ఏ చోటు అన్నది చెబుతుంది. వీటి పనితీరును మంత్రాలయ యాత్రతో పోల్చవచ్చు. ఆదోని నుండి రాయచూరు పోయే దారిలో మంత్రాలయం రోడ్ అనే స్టేషన్ కలదు. రైలు యాత్రికుణ్ణి ఆ స్టేషన్‌లో దించుతుంది; అక్కడినుండి బృందావనం చేరడం యాత్రికుడి పని, రైలుకు దానితో సంబంధం లేదు. అదే విధంగా # గుర్తుకు ముందున్న భాగమే దూరాన ఉన్న సర్వర్‌కు చేరుతుంది. వెనుక భాగం పాఠకుడి కంప్యూటర్ వద్దనే ఉండిపోతుంది. పత్రమంతా వచ్చిన తరువాత పాఠకుడి కంప్యూటరే దానిలో ఆ ఖండాన్ని వెదికి పట్టుకొంటుంది. 2005 జనవరిలో వెలువడిన చిరునామాల ప్రమాణపత్రం ఈ విషయాన్ని స్పష్టంగా నిర్దేశించినది.

దీనివలన ఒక ముఖ్యమైన ఫలితం ఏర్పడుతున్నది. ఖండనిర్దేశకం పని చేయడం సర్వర్ దయపై కాక, పత్రం లోపల పరిష్కర్త చేసి ఉంచిన ఏర్పాటుపై ఆధారపడుతుంది. పరిష్కర్త గుర్తు పెట్టని చోటికి పాఠకుడు చేరలేడని కాదు. చేరడానికి అతడు చుట్టుదారులు పట్టవలసి వస్తుంది. ఆ దారులు స్థూలంగా మూడు: సంఖ్య, ప్రతీక, నామం.

సంఖ్యామార్గం

మొదటిది లెక్కపెట్టి చూపడం. 2003 మార్చిలో ప్రమాణాలైన ఎక్స్‌పాయింటర్ పద్ధతుల్లో ఒకటి ఇట్టిదే. పత్రంలోని మూలావయవానికి రెండవ బిడ్డ, దానికి నాలుగవ బిడ్డ, దానికి ఏడవ బిడ్డ అని అంకెల వరుసతో అది చోటును చూపగలదు. పరిష్కర్త ముందుగా ఏ గుర్తూ పెట్టకపోయినా ఇది పని చేస్తుంది. కాని గ్రంథం ఆదిలో ఒక అవతారిక చేర్చినా, నడుమ ఒక ప్రక్షిప్తపద్యాన్ని తొలగించినా లెక్క తప్పుతుంది. అప్పుడు లింకు తెగిపోయినదని పాఠకుడికి తెలిసినా కొంత మేలు. లింకు తెగదు, పక్క పద్యానికి పోతుంది. పోయిన సంగతి ఎవరికీ తెలియదు. తెగిన లింకుకంటె తప్పు చూపే లింకు ఎక్కువ అనర్థదాయకం.

ఇది కంప్యూటర్‌తో వచ్చిన దోషం కాదు. బ్రహ్మసూత్రాల సంఖ్య సంప్రదాయాన్ని బట్టి మారుతుంది. శాంకరులకు 555, రామానుజీయులకు 545, మాధ్వులకు 564 అని ప్రసిద్ధి. ఒకరికి ఒకే సూత్రమైనది మరొకరికి రెండు. ఒకరు చదివినది మరొకరి పాఠంలో ఉండదు. కాబట్టి రెండవ అధ్యాయం రెండవ పాదం పలానా సూత్రమన్నప్పుడు ఏ మతం ప్రకారమని అడగవలసిందే. తెలుగు మహాభారతం విషయంలోనూ ఇంతే. వావిళ్ల ముద్రణకు, ఉస్మానియా విశ్వవిద్యాలయ సంశోధిత ముద్రణకు, తిరుమల తిరుపతి దేవస్థానాల ముద్రణకు పద్యసంఖ్యలు కొన్ని చోట్ల కుదరవన్నది పరిశోధకులందరికీ అనుభవమే. 'ఆది. 1. 24' అని మాత్రమే రాసి ముద్రణ పేరు విడిచిన సిద్ధాంతవ్యాసం తరువాతివారికి సగం దారి మాత్రమే చూపుతుంది.

ప్రతీకామార్గం

రెండవది పాఠంలోని మాటలనే ఆధారం చేసుకొని చూపడం. వ్యాఖ్యాతల ప్రతీక ఇదే. 2017 ఫిబ్రవరిలో ప్రమాణమైన వెబ్ అన్నొటేషన్ నమూనాలో కూడ ఉద్దిష్టవాక్యాన్ని, దాని ముందువెనుకల మాటలను పేర్కొని చోటును నిర్ణయించే విధానం ఒకటి కలదు. పుటలు మారినా, లెక్కలు మారినా ఇది చెదరదు. పాఠమే మారితే మాత్రం చెదురుతుంది.

వేమన పద్యాలు దీనికి నిదర్శనం. బ్రౌన్ దొర 1829లో ప్రకటించిన సంపుటిలో 693 పద్యాలు ఉండగా 1839 ముద్రణలో అవి 1164 అయినవి. కనుక సంఖ్యతో వేమనను నిర్దేశించడం మొదటినుండి అసాధ్యం. పద్యాన్ని తొలిమాటతో గుర్తించే అకారాది పద్ధతి అందువల్లనే స్థిరపడినది. కాని ఆ తొలిమాటలోనే పాఠాంతరం ఉన్న పద్యాలు లేకపోలేదు. అట్టి పద్యం రెండు చోట్ల చేరి రెండు పద్యాలుగా చెలామణి కావచ్చు. తొలిపాదం ఒకటే అయిన రెండు వేర్వేరు పద్యాలు ఒకదాని నీడలో మరొకటి మరుగున పడవచ్చు.

ఈ రెండు మార్గాల బలహీనతలను వైదికులు బాగుగా ఎరిగినట్లున్నారు. తైత్తిరీయ శాఖలో అనువాకాన్ని ఏబదేసి పదాల పనసలుగా విభజించడం, అనువాకాంతంలో పనసలను గుర్తించే పదాలను, మిగిలిన పదాల సంఖ్యను కూడ కలిపి చదవడం ఆంధ్రదేశంలో వేదాధ్యయనం చేసినవారందరికీ పరిచితం. సంహితలోని మొదటి అనువాకానికి 43 పదాలని ఆ లెక్క చెబుతుంది. ఇక్కడ సంఖ్య ఒక్కటే లేదు, ప్రతీక ఒక్కటే లేదు. ఒకటి తప్పితే రెండవది పట్టి ఇస్తుంది. లింకుల రచనలో నేటి శాస్త్రజ్ఞులు సూచించే జాగ్రత్త కూడ ఇదే: ఒక ఆధారంతో చోటును పట్టు, మరొక ఆధారంతో సరిచూచుకో.

నామమార్గం

మూడవది, మూడింటిలో ఎక్కువ నమ్మదగినది, ప్రతి అవయవానికీ ఒక పేరు పెట్టడం. ఎక్స్‌ఎంఎల్‌లో ఇట్టి పేరును ఐడి అంటారు. పేరు ఉన్న పద్యాన్ని చూపడానికి # గుర్తు తరువాత ఆ పేరు ఒక్కటే చాలు. దానికి ముందు ఎన్ని పద్యాలు చేరినా, ఎన్ని తొలగినా, ఆశ్వాసవిభాగమే మారినా, ఆ పద్యం ఉన్నంతకాలం పేరు దానిని విడువదు.

ఇందులో ఆదిలో ఒక చిక్కు ఉండేది. ఏ లక్షణం ఐడి అవుతుందో గ్రంథానికి జతగా ఉండే నిర్వచనపట్టికలో ప్రకటించవలసి వచ్చేది. ఆ పట్టికను చదవని సాఫ్ట్‌వేర్‌కు ఐడి ఐడిగా కనిపించదు. లింకు పని చేయదు. 2005 సెప్టెంబరులో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ ఐడి ప్రమాణం ఈ చిక్కును తీర్చినది. ఆ నిర్ణీతనామం గల లక్షణం ఎక్కడ కనిపించినా పట్టికతో పని లేకుండ ఐడిగానే గ్రహింపబడుతుంది. మానవీయశాస్త్ర గ్రంథాల సంకేతనకు ప్రపంచమంతటా ఆదరణ పొందిన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ వారి ఐదవ సంస్కరణ, 2007 నాటిది, ఈ పద్ధతినే స్వీకరించినది. పాఠంలో ఏ అక్షరం నుండి ఏ అక్షరం వరకు అని ఎంతటి సూక్ష్మభాగాన్నైనా చూపదలచిన ఎక్స్‌పాయింటర్ విస్తృతపద్ధతి ముసాయిదా దశ దాటి పూర్తి ప్రమాణం కాలేదు. బ్రౌజర్లు దానిని విస్తృతంగా ఆదరించనూ లేదు. చివరికి నిలిచినది సాదా పేరే.

వ్యాఖ్యాతలు పాటించిన మరొక నియమం, మూలాన్ని అంటకుండుట, 2001లో వచ్చిన ఎక్స్‌లింక్ ప్రమాణంలో కనిపిస్తుంది. రెండు గ్రంథాల నడుమ లింకులను ఆ రెంటిలో దేనిలోనూ ఉంచక, మూడవ పత్రంలో పట్టికగా కూర్చడానికి అది దారి చూపినది. బ్రౌజర్లు దీనినీ అంతగా పట్టించుకొనలేదు. అయినా కంపెనీల ఆర్థికనివేదికలకు వాడే ఎక్స్‌బీఆర్‌ఎల్ పద్ధతి దీనిపైనే నిలిచి ఉన్నది. జమాఖర్చులకు కుదిరిన ఈ ఏర్పాటు సూత్రభాష్యాలకు కుదరదనడానికి కారణం లేదు. అనువ్యాఖ్యానానికి ఒక పత్రం, సుధకు ఒకటి, పరిమళానికి ఒకటి, వీటిని కలిపే సంబంధాల పట్టిక వేరొకటి: ఈ విధంగా కూర్చినచో రేపు మరొక టిప్పణి చేరినా పాత పాఠాల్లో ఒక్క అక్షరమూ మార్చవలసిన పని ఉండదు.

పడుగు, పేక

ఒక ఆక్షేపానికి ఇక్కడ సమాధానం చెప్పవలసి ఉన్నది. ఎక్స్‌ఎంఎల్‌లో చిన్నది పెద్దదానిలో పూర్తిగా ఇమడాలి గదా, ఒకే పాఠానికి రెండు విభాగక్రమాలు ఉన్నప్పుడు ఏమి చేయాలి అని. ఋగ్వేదానికి మండల, సూక్త, ఋక్కుల విభాగం ఒకటి. అష్టక, అధ్యాయ, వర్గాల విభాగం మరొకటి. మండలాలు పది, అష్టకాలు ఎనిమిది. అష్టకం ముగిసే చోటనే మండలం ముగుస్తుందన్న నియమం లేదు. చేనేతకు పేరొందిన ఎమ్మిగనూరు మగ్గంపై పడుగు ఒక దిశకు, పేక మరొక దిశకు పోయినట్లు ఈ రెండు క్రమాలు ఒకే పాఠం గుండా పోతున్నవి.

పశ్చిమ కర్నూలులోనే పత్తికొండ ప్రాంతపు ఎర్రగుడి అశోకశాసనం ఇట్టి చిక్కును రాతిపైనే చూపుతున్నది. అక్కడి లఘుశిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, కొన్ని కుడినుండి ఎడమకు చెక్కబడినవి. రాతిమీది పంక్తిక్రమం వేరు, చదువవలసిన వాక్యక్రమం వేరు. శాసనాల్లో ఒక పదం పంక్తి చివర ఆరంభమై తరువాతి పంక్తిలో ముగియడమూ సర్వసాధారణం. పంక్తిని పాఠావయవంగా చుట్టగడితే పదం తెగుతుంది. పదాన్ని చుట్టగడితే పంక్తి తెగుతుంది.

దీనికి శాసనసంకేతకులు అవలంబించిన ఉపాయం సరళమైనది. రెండు క్రమాల్లో ఒకదానినే అవయవాలుగా కూర్చి, రెండవదానిని మైలురాళ్లుగా నాటుతారు. పంక్తి మొదలయ్యే చోట లోపల ఏమీ లేని చిన్నగుర్తు ఒకటి ఉంచి దానికి సంఖ్యనో పేరునో ఇస్తారు. మైలురాయి పొలాన్ని విభజించదు. దారిలో ఎక్కడున్నామో మాత్రం చెబుతుంది. టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ శాఖయైన ఎపిడాక్ పద్ధతిలో పాశ్చాత్య పండితులు ఆంధ్రదేశపు ప్రాచీనశాసనాలను ఈ విధంగానే సంకేతించినారు. ఋగ్వేదంలో సూక్తాలను అవయవాలుగాను, వర్గాధ్యాయాష్టకాలను మైలురాళ్లుగాను ఉంచినచో ఏ సంప్రదాయం ప్రకారం నిర్దేశించినా చోటు దొరుకుతుంది. ఏది పడుగు, ఏది పేక అన్న నిర్ణయం మాత్రం గ్రంథమెరిగిన పండితుడు చేయవలసినదే. యంత్రానికి ఆ వివేకం లేదు.

పరిష్కర్తల కర్తవ్యం

పేరు పెట్టడం తేలికగా కనిపించినా కొన్ని నియమాలు పాటింపవలసి ఉంటుంది. మొదటిది, ఒకసారి ప్రకటించిన పేరును మార్చరాదు. పద్యం ప్రక్షిప్తమని తేలితే దానిని మూలపాఠం నుండి తీసి అనుబంధంలో చేర్చవచ్చు. పేరు మాత్రం దానితోనే పోవాలి. తీసిన పద్యం పేరును మరొక పద్యానికి ఇవ్వడం అన్నిటికంటె పెద్ద దోషం. భండార్కర్ ప్రాచ్యవిద్యా సంశోధన మందిరం వారి మహాభారత సంశోధిత ముద్రణ ఈ విషయంలో ఆదర్శప్రాయం. మూలంలో నిలువని పంక్తులకు నక్షత్రచిహ్నంతో వేరు సంఖ్యలు, పెద్ద ఖండాలకు అనుబంధ సంఖ్యలు అక్కడ ఇవ్వబడినవి. వ్యాసుడికి గణపతి లేఖకుడైన కథ మూలపాఠం నుండి తొలగినది గాని నిర్దేశానికి అందకుండ పోలేదు. నిరాకృతపాఠానికి కూడ పేరు నిరాకరింపబడలేదు. మ్యాకదోని శాసనాన్ని ప్రకటించిన సుక్తంకరే 1925 నుండి ఆ మహాకార్యానికి ప్రధానసంపాదకులు కావడం ఇక్కడ స్మరింపదగినది.

రెండవది, పేరులో గ్రంథనామం చేరి ఉండాలి. ఒక పత్రంలో ఒకే పేరు రెండుసార్లు రాకూడదన్నది ఎక్స్‌ఎంఎల్ నియమం. రెండు గ్రంథాలను ఒకే పత్రంలో కూర్చిన నాడు రెండింటిలోనూ 'ప1' ఉంటే నియమభంగమవుతుంది. మూడవది, పేరు అంకెతో మొదలు కారాదు. జపాను పండితుడు మునెయో తొకునాగ కూర్చగా కేంబ్రిడ్జి పండితుడు జాన్ స్మిత్ సంస్కరించిన సంస్కృత భారత ఎలక్ట్రానిక్ పాఠంలో ఆదిపర్వం ప్రథమాధ్యాయం ప్రథమశ్లోకానికి 01001001 అన్నది గుర్తు. పర్వానికి రెండు అంకెలు, అధ్యాయానికి మూడు, శ్లోకానికి మూడు. చక్కని ఏర్పాటు. కాని ఎక్స్‌ఎంఎల్ ఐడిగా వాడదలచినప్పుడు ముందు ఒక అక్షరం చేర్చక తప్పదు.

నాలుగవది లిపికి సంబంధించినది. ఐడిని తెలుగులిపిలో పెట్టడానికి ఎక్స్‌ఎంఎల్ అడ్డు చెప్పదు. '#ఆది.1.24' అన్నది నియమబద్ధమే. అయితే చిరునామాలో పంపినప్పుడు ప్రతి తెలుగు సంకేతమూ తొమ్మిది చిహ్నాలుగా విస్తరిస్తుంది. 'ఆది' అన్న చిన్నమాట 27 చిహ్నాలవుతుంది. ఇది కంటికి ఇంపు కాకున్నా దోషం కాదు. అసలు దోషం వర్ణక్రమంలో ఉన్నది. ఒకచోట సున్నతో, మరొకచోట వర్గానునాసికంతో రాసిన పేరు మనిషికి ఒకటే, యంత్రానికి రెండు. పొల్లు తరువాత కంటికి కనిపించకుండ చేరే విభాజక సంకేతం వల్ల కూడ ఒకటిగా కనిపించే రెండు పేర్లు కలియకపోవచ్చు. కాబట్టి ఐడిలో సంయుక్తాక్షరాలు, సున్నలు లేని చిన్నపేర్లు వాడడం శ్రేయస్కరం.

ఐదవది, పేరు ఇచ్చినంత మాత్రాన ప్రతీకను, సంఖ్యను త్రోసిపుచ్చరాదు. పేరు చోటును పట్టడానికి; తొలిమాట, ముద్రణసంఖ్య సరిచూచుకొనడానికి. పనసల లెక్క నేర్పిన జాగ్రత్త ఇదే.

ఉపసంహారం

పుటసంఖ్యతో ఇన్నాళ్లు పని జరగలేదా, ఈ శ్రమ ఎందుకు అనేవారు ఉండవచ్చు. పుటసంఖ్య ఆ ముద్రణ అందరి చేతిలో ఉన్నంతకాలమే పని చేస్తుంది. పునర్ముద్రణ లేని వ్యాఖ్యానానికి, కళాశాల గ్రంథాలయంలో ఒకే ప్రతి మిగిలిన ప్రబంధానికి 'పుట 112' అన్న నిర్దేశం ఆ ఒక్క ప్రతి శిథిలమైన నాడు శూన్యమవుతుంది. ఛాయాచిత్రాలుగా తీసి భద్రపరచిన పుస్తకం పోగొట్టుకొనని పుస్తకమే. అయినా పుట వరకే దారి చూపుతుంది, పద్యం వరకు కాదు. యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో కూర్చిన పాఠాల సంగతి చెప్పనక్కరలేదు. ఆ ఫాంటు లేనిదే అక్షరమే అక్షరంగా కనిపించదు.

శ్రమ విషయం ఆలోచించినా, ఎక్కువ భాగం పండితులు ఇప్పటికే చేస్తున్నదే. ప్రతి పద్యాన్నీ గుర్తించడం, గద్యపద్యాలను వేరుచేయడం, ప్రక్షిప్తాలను విడదీయడం పరిష్కరణలో అంతర్భాగం. అదనంగా చేయవలసినది ఆ నిర్ణయాలను పేర్ల రూపంలో పాఠంలోనే నమోదు చేయడం, ఆ పేర్లను కాపాడతామని మాట ఇచ్చి నిలబెట్టుకొనడం. ఆ మాట ఇవ్వగలిగినది సాఫ్ట్‌వేర్ కాదు, సంస్థ. ప్రాచ్యకళాశాలలు, విశ్వవిద్యాలయ శాఖలు తాము పరిష్కరించే ప్రతి గ్రంథానికీ అవయవనామాల పట్టికను ప్రకటించడం, పరిశోధన పత్రికలు వ్యాసాల్లో ముద్రణనామంతో పాటు ఆ పేర్లను కోరడం ఇక ఆలస్యం చేయకుండ ఆరంభింపదగిన పనులు. విద్యార్థులకు గ్రంథపరిష్కరణ బోధించే తరగతిలో ప్రతీకాలక్షణంతో పాటు ఐడి లక్షణాన్నీ ఒక పాఠంగా చేర్చినచో చాలు, తక్కినది వారే చేసుకొంటారు.

మూడున్నర శతాబ్దాల క్రిందట పరిమళకారులు ఎత్తుకొన్న ప్రతీకలు నేటికీ సుధలోని సరియైన చోటికే తీసికొనిపోతున్నవి. మధ్యలో తాళపత్రం పోయి కాగితం వచ్చినది, కాగితం పోయి తెర వస్తున్నది. ఆ లింకులు నిలిచినది వారు పత్రాన్ని కాక పాఠాన్ని నమ్మినందువల్ల. నేటి పరిష్కర్త ఇచ్చే పేర్లు కూడ అంతకాలం నిలవాలంటే ఆ వివేకమే ఆధారం. మ్యాకదోని బండకు జిల్లా మరొకసారి మారినా మారవచ్చు. దాని పేరు తెలిసినవాడికి దారి తప్పదు.